ఎక్కేటప్పుడు ఒక నిషాదం, దిగేటప్పుడు ఒక నిషాదం
హిందుస్తానీ గానంలో అవరోహణ చరిత్ర

కొన్నేళ్ళ కిందటి సంగతి. ఇంటర్మీడియట్ విద్యార్థుల చేత సోనోమీటరు మీద ఒక ప్రయోగం చేయిస్తున్నాను. బిగుతు మార్చకుండా 36 అంగుళాల తీగను మీటితే వచ్చే ధ్వనిని షడ్జం అనుకోవాలి. మిగతా స్వరాలు ఎంతెంత పొడవు దగ్గర పలుకుతాయో లెక్కకట్టి, సుద్దముక్కతో గుర్తులు పెట్టాలి. 27 అంగుళాల దగ్గర మధ్యమం, 24 దగ్గర పంచమం, 18 దగ్గర పై షడ్జం. ఇంతవరకు పేచీ ఏమీ రాలేదు. నిషాదం దగ్గరికి వచ్చేసరికి, హిందుస్తానీ గాత్రం నేర్చుకుంటున్న ఒక అమ్మాయి చేయి ఆపింది. "సార్, మాకు దేశ్ రాగం చెబుతున్నారు. ఇప్పుడు నేను గుర్తు పెట్టాల్సింది ఎక్కేటప్పటి నిషాదమా, దిగేటప్పటిదా?" అని అడిగింది. తక్కినవాళ్ళు గొల్లున నవ్వారు. మెట్టు అన్నాక ఎక్కేటప్పుడు ఒక చోట, దిగేటప్పుడు ఇంకో చోట ఉంటుందా అని వాళ్ళ అనుమానం.

మీకూ అదే అనుమానం వచ్చి ఉండవచ్చు. ఆకాశవాణిలో మనం వింటూ వచ్చిన వందేమాతరం వరస దేశ్ రాగంలోదే. ఆ రాగం పైకి వెళ్ళేటప్పుడు స రి మ ప ని స అని వెళుతుంది. గాంధారం, దైవతం రెండూ దాటిపోతుంది. ఇక్కడి నిషాదం శుద్ధ నిషాదం. కర్ణాటక సంగీతం తెలిసినవారికి కాకలి నిషాదం అంటే అర్థమవుతుంది. కిందికి వచ్చేటప్పుడు, వదిలేసిన స్వరాలు తిరిగి చేరతాయి. నిషాదం మాత్రం మారిపోయి కోమల నిషాదం, అంటే మన కైశికి నిషాదం అవుతుంది. ఒకే రాగం, ఒకే గొంతు, రెండు వేర్వేరు దారులు. ఆ అమ్మాయి ప్రశ్నలో తప్పేమీ లేదు. తప్పు నేను రాసుకున్న పట్టికలో ఉంది. అందులో నిషాదానికి ఒకే గడి ఉంది.

హిందుస్తానీ గాయకులు ఆరోహ, అవరోహ అంటారు. మనం ఆరోహణ, అవరోహణ అంటాం. అవరోహణ అంటే ఆరోహణను తిరగేసి రాయడమేనని సంగీతం నేర్వనివారు చాలామంది అనుకుంటారు. నేర్చినవారిలోనూ కొందరు పరీక్ష కోసం అలాగే బట్టీ పడతారు. ఈ పాఠంలో మనం చూడబోయేది దానికి భిన్నమైన చరిత్ర.

లెక్క పైనుంచి మొదలైన రోజులు

మన దేశంలో స్వరాల గురించి రాసిన మిక్కిలి పాత మాటలు సామగానానికి సంబంధించినవి. అందులో స్వరాలకు సరిగమ పేర్లు లేవు. ప్రథమ, ద్వితీయ, తృతీయ, చతుర్థ అని సంఖ్యలే పేర్లు. ఆ సంఖ్యలు ఎటు నుంచి ఎటు వెళతాయి? నారదీయ శిక్ష అనే గ్రంథం వీటిని వేణువు స్వరాలతో పోల్చి చెప్పింది. సామగానంలోని ప్రథమ స్వరం వేణువులో మధ్యమం, ద్వితీయం గాంధారం, తృతీయం రిషభం, చతుర్థం షడ్జం. అంటే ఒకటి, రెండు, మూడు అని లెక్క పైనుంచి కిందికి సాగింది. ఇంకా కింద ఉన్న స్వరాల వరుస మీద పండితుల్లో వాదాలు ఉన్నాయి. ఈ నాలుగింటి విషయంలో మాత్రం దిశ స్పష్టం. పాడేవాడు ఎత్తైన చోట అందుకుని కిందికి దిగేవాడు.

ఇది ఒక్క మనకే పరిమితమూ కాదు. కర్ట్ సాక్స్ అనే సంగీత చరిత్రకారుడు అనేక జాతుల పాటలను పరిశీలించి, గొంతు చేరగల పైస్థాయిలో ఎత్తుకుని దొర్లుకుంటూ కిందికి వచ్చే వరసలను ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించాడు. అవే అన్నిటికన్నా ప్రాచీనమైనవన్న ఆయన ఊహను నేటి పరిశోధకులు అంతగా ఒప్పుకోరు. అలాంటి వరసలు విస్తారంగా ఉన్నాయన్నది మాత్రం కాదనలేం.

దీనికి శరీరంలో ఒక కారణం వెతకవచ్చు. ఊపిరితిత్తుల నుంచి గాలి బయటికి పోయేకొద్దీ స్వరపేటిక కింద పీడనం తగ్గుతుంది. మామూలు మాటల్లో కూడా వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు కాస్త దిగుతుంది. మీరు ఒక పేరా గట్టిగా చదివి చూడండి, తెలుస్తుంది. స్వరం పెంచాలంటే స్వరతంత్రులను సాగదీయడానికి కండరం పని చేయాలి. తగ్గించేటప్పుడు ఆ బిగువు సడలుతుంది, దానికి తోడు వేరే కండరాలు సాయపడతాయి. 1970లలో అమెరికాలో జాన్ ఒహాలా మొదలైన ధ్వనిశాస్త్రవేత్తలు కొలిచి చూస్తే, ఒకే దూరాన్ని గొంతు ఎక్కడానికి పట్టే సమయం కన్నా దిగడానికి పట్టే సమయం తక్కువగా తేలింది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. దిగడం సులువని ఇది చెబుతుంది కాని, దేశ్ రాగం దిగేటప్పుడు నిషాదం ఎందుకు మారుతుందో చెప్పదు. అది మనిషి చెవి చేసిన ఎంపిక.

భరతుడి నాట్యశాస్త్రం దాదాపు రెండు వేల సంవత్సరాల నాటిది. అందులోని సంగీత భాగంలోనూ కిందికి చూసే అలవాటు కనిపిస్తుంది. షడ్జగ్రామంలో ఏడు మూర్ఛనలు చెబుతూ, మొదటిది షడ్జంతో, రెండవది దాని కిందనున్న నిషాదంతో, మూడవది దైవతంతో మొదలవుతుందని అన్నాడు. ప్రారంభస్వరం ఒక్కొక్క మెట్టు దిగుతూ రిషభం దాకా పోతుంది. స్వరానికి ఇన్ని శ్రుతులని చెప్పేటప్పుడు కూడా ఆ స్వరానికీ దాని కింది స్వరానికీ మధ్య ఉన్న దూరమే లెక్క.

సైన్సు చెప్పేవాడిని కనుక, భరతుడు చెప్పిన రెండు వీణల ప్రయోగం దగ్గర కాస్త ఆగకుండా ఉండలేను. ఒకేలా శ్రుతి చేసిన రెండు వీణలు తీసుకోవాలి. ఒకటి కదలనిది, రెండవది కదిలేది. కదిలే వీణను విడతలుగా ఒక్కొక్క శ్రుతి చొప్పున తగ్గిస్తూ పోవాలి. రెండు శ్రుతులు తగ్గేసరికి దాని గాంధార, నిషాదాలు కదలని వీణలోని రిషభ, దైవతాలతో కలిసిపోతాయి. మూడు తగ్గితే రిషభ, దైవతాలు షడ్జ, పంచమాలతో కలుస్తాయి. నాలుగు తగ్గితే పంచమం మధ్యమంతో, మధ్యమం గాంధారంతో, షడ్జం నిషాదంతో కలుస్తాయి. ఆ విధంగా రెండేసి శ్రుతులవి 2 స్వరాలు, మూడేసివి 2, నాలుగేసివి 3. కూడితే 4, 6, 12, మొత్తం 22. ప్రమాణ పరికరం, పరీక్ష పరికరం, మార్చే రాశి ఒక్కటే. నేటి ప్రయోగశాలలో మనం నేర్పే పద్ధతి ఇదే. కొలిచే దిశ మాత్రం నాలుగు విడతల్లోనూ కిందికే. సామగానం నుంచి భరతుడికి, అక్కడి నుంచి నేటి ఖయాల్‌కి తెగని దారం ఉందని నేను అనడం లేదు. మధ్యలో చాలా మారింది. దిగడం అనేది ఎక్కడానికి నీడగా మాత్రం మొదలు కాలేదని అంటున్నాను.

షడ్జం కుదురుకున్నాక

13వ శతాబ్దిలో దేవగిరి యాదవ రాజు సింఘణుడి ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరం రాశాడు. ఏడు స్వరాలు వరుసగా ఎక్కడం, దిగడం రెండూ కలిస్తేనే మూర్ఛన అని ఆయన నిర్వచనం. తరువాతి శతాబ్దాల్లో మూర్ఛనల వాడుక వెనకబడింది. తంబురా నిరంతరం షడ్జాన్ని పలికిస్తుండగా, ప్రతి రాగమూ ఆ ఒక్క షడ్జం నుంచే లెక్కించే పద్ధతి స్థిరపడింది. అప్పటి నుంచి స్వరాల వరుసకు నిచ్చెన రూపం వచ్చింది. నిచ్చెన అనగానే మన ఆలోచన కింది మెట్టు నుంచి మొదలవుతుంది.

ఈ నిచ్చెనకు ఆధునిక పాఠ్యపుస్తకంలో చోటు కల్పించినవాడు విష్ణు నారాయణ భాత్‌ఖండే (1860–1936). ఆయన బొంబాయిలో న్యాయవాది. వృత్తి వదిలిపెట్టి, ఉస్తాదుల దగ్గర, పండితుల దగ్గర ఉన్న బందిశ్‌లను సేకరిస్తూ దేశమంతా తిరిగాడు. 1904లో దక్షిణాదికి వచ్చి ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులను కలుసుకున్నాడు. దీక్షితుల బృహద్గ్రంథం సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చయింది ఆ ఏడాదే, అదీ తెలుగు లిపిలో. వేంకటమఖి చతుర్దండీ ప్రకాశికలోని 72 మేళాల పథకం భాత్‌ఖండేను బాగా ఆకట్టుకుంది. 1910లో ఆయన చతుర పండితుడు అనే మారుపేరుతో సంస్కృతంలో శ్రీమల్లక్ష్యసంగీతం ప్రకటించాడు. హిందుస్తానీ రాగాలకు 72 అవసరం లేదనీ, పది థాట్‌లు చాలుననీ ఆయన తీర్మానం. బిలావల్, కల్యాణ్, ఖమాజ్, భైరవ్, పూర్వీ, మార్వా, కాఫీ, ఆసావరీ, భైరవీ, తోడీ అనేవి ఆ పది.

మన మేళకర్తకు ఆరోహణ, అవరోహణ రెండూ సంపూర్ణంగా, వరుసగా ఉండాలి. థాట్‌కి నియమం వేరు. ఏడు స్వరాలు ఆరోహణ క్రమంలో చెబితే చాలు, అవరోహణ చెప్పనక్కరలేదు. థాట్‌ను పాడరు కదా, అది వర్గీకరణ కోసం పెట్టిన పెట్టె. పాడేది రాగాన్ని. రాగానికి ఆరోహ, అవరోహలు రెండూ తప్పనిసరి అని కూడా భాత్‌ఖండే సంప్రదాయమే చెబుతుంది.

ఆ రెండవ నియమం ఎంత పెద్దదో చిన్న లెక్కతో చూద్దాం. షడ్జాన్ని ఎప్పుడూ వదలరు. మిగిలినవి ఆరు స్వరాలు. ఏదీ వదలకపోతే ఒక పద్ధతి. ఒకటి వదిలితే 6 పద్ధతులు. రెండు వదిలితే 15. మొత్తం 22 విధాలుగా ఎక్కవచ్చు. వచ్చిన దారినే దిగాలంటే ఒక థాట్ నుంచి 22 రాగాలతో కథ ముగుస్తుంది. దిగే దారిని స్వతంత్రంగా ఎంచుకోవచ్చంటే 22ను 22తో గుణించాలి, 484. ఎక్కే దారీ దిగే దారీ ఒకటి కానివి వాటిలో 462. పాఠ్యపుస్తకాల్లో 72 మేళాలకు 34,848 అని కనిపించే పెద్ద సంఖ్య ఇలా వచ్చినదే. మధ్యమ పంచమాలు రెండూ ఒకేసారి వదలరాదనే నియమం కూడా పెట్టి మీరే లెక్క కట్టండి, 484 బదులు 441 వస్తుంది. ఈ సంఖ్యలు చూసి మురిసిపోనక్కరలేదు. కచేరీల్లో పాడేవి ఇందులో చాలా కొద్ది. కాని అవరోహణకు స్వేచ్ఛ ఇవ్వడం వల్ల కలిగిన తేడా ఏమిటో ఇంతకన్నా సూటిగా చెప్పడం నాకు చేతకాదు.

పది పెట్టెల్లో ఒకటైన ఖమాజ్‌ను తెరిచి చూడండి. థాట్‌లో నిషాదం కోమలం. కాని ఖమాజ్ రాగం ఎక్కేటప్పుడు శుద్ధ నిషాదమే పలుకుతుంది, దిగేటప్పుడే కోమల నిషాదం. దేశ్ కూడా ఆ పెట్టెలోదే, తిలంగ్ కూడా. ఆరోహణ క్రమంలో రాసిన థాట్‌కి ఆరోహణలోని నిషాదాన్ని పెట్టి ఉంటే అది బిలావల్ అయి ఊరుకునేది. ఈ రాగాలను విడిగా నిలబెట్టింది అవరోహణలోని నిషాదం. రాతలో థాట్ పైకి ఎక్కుతుంది, ఇక్కడ మాత్రం భాత్‌ఖండే చెవి దిగే గొంతునే విన్నది. పాఠ్యపుస్తకాలు ఈ మాట విడమరచి చెప్పవు. చెప్పి ఉంటే నా పట్టికలో రెండు గడులు ఉండేవి.

అతిథి స్వరాలు వచ్చే ద్వారం

రాగాలు కాలంతో మారతాయి. ఆ మార్పు తరచు అవరోహణ వైపు నుంచి వస్తుందనడానికి బిహాగ్ మంచి ఉదాహరణ. ఆరోహణలో రిషభ, దైవతాలు లేవు: స గ మ ప ని స. అవరోహణలో అవి తిరిగి వస్తాయి. పాత పద్ధతిలో బిహాగ్‌కి మధ్యమం ఒక్కటే, శుద్ధ మధ్యమం. అందుకే భాత్‌ఖండే దాన్ని బిలావల్ థాట్‌లో చేర్చాడు. గాయకులు దిగేటప్పుడు పంచమం పక్కన తీవ్ర మధ్యమాన్ని, అంటే మన ప్రతి మధ్యమాన్ని, సన్నగా తాకించడం అలవాటు చేసుకున్నారు. ఆ తాకిడి క్రమంగా బలపడింది. నేడు తీవ్ర మధ్యమం లేని బిహాగ్ వింటే శ్రోతకు ఏదో వెలితిగా తోస్తుంది. దాన్ని కల్యాణ్ థాట్‌లోకి మార్చాలని వాదించేవారూ ఉన్నారు. అల్హైయా బిలావల్ కథ కూడా ఇటువంటిదే. కోమల నిషాదం అందులోకి అవరోహణలోనే, రెండు దైవతాల నడుమ ఒదిగి వస్తుంది.

అవరోహణలో ఒక స్వరం కొత్తగా పలికితే చెవి ఎందుకు క్షమిస్తుంది? సోనోమీటరు దగ్గరికే వెళదాం. షడ్జం పౌనఃపున్యం 240 అనుకుంటే పై షడ్జం 480. శుద్ధ నిషాదం 450, కోమల నిషాదం 432, దైవతం 400. పైకి పోతున్నప్పుడు గమ్యం 480. దాని పక్కనే ఉన్న 450 గొంతును అటు లాగుతుంది. దిగేటప్పుడు గమ్యం కిందనున్న దైవతం, పంచమం. అటు మొగ్గింది 432. పాశ్చాత్య సంగీతంలోని ఒక రకం మైనర్ స్కేలులో కూడా ఎక్కేటప్పుడు ఆరవ, ఏడవ స్వరాలు హెచ్చి, దిగేటప్పుడు తగ్గుతాయి. పొరుగూరి మాట వినకుండానే రెండు ఊళ్ళు ఒకే దారి తొక్కాయి. ఇది వివరణే కాని నియమం కాదు, ఎందుకంటే భీంపలాసీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కోమల నిషాదమే పలుకుతుంది. పైగా గాయకుడి గొంతు 450 దగ్గర మేకు కొట్టినట్టు ఉండదు. 1963లో జైరాజ్‌భాయ్, స్టోన్ అనే పరిశోధకులు హిందుస్తానీ కళాకారుల సంగీతాన్ని కొలిచి, ఒకే ప్రదర్శనలో ఒకే స్వరం చోటు మార్చుకోవడం చూపించారు.

భీంపలాసీ అన్నాను కనుక ఒక మాట. మనం నేడు పాడే ఆభేరికి ఇది దగ్గరి చుట్టం. ఆరోహణలో ఐదు స్వరాలు, అవరోహణలో ఏడు. ఇవే ఆరోహ, అవరోహలతో కాఫీ థాట్‌లో ధనాశ్రీ అని మరో రాగం ఉంది. భీంపలాసీలో మధ్యమానికి పెద్దరికం, ధనాశ్రీలో పంచమానికి. అంటే రెండు వరుసలూ సరిగా రాసినా రాగం పూర్తిగా చేతికి చిక్కదు.

దర్బారీ దిగే దారి

రసాయనశాస్త్రంలో ఐసోమర్ల గురించి చదివి ఉంటారు. రెండు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ ఒక విధంగా కలిస్తే ఇథైల్ ఆల్కహాల్, మరో విధంగా కలిస్తే డైమిథైల్ ఈథర్. జౌన్‌పురీ, దర్బారీ కానడ రాగాలు అలాంటివి. రెండింటిలోనూ గాంధార, దైవత, నిషాదాలు కోమలం, మిగతావి శుద్ధం. రెండూ ఆసావరీ థాట్‌లోవే. జౌన్‌పురీ దిగేటప్పుడు స ని ద ప మ గ రి స అని తిన్నగా వస్తుంది. దర్బారీ అలా రాదు. స ద ని ప అని ఒక మలుపు, మ ప, ఆ తరువాత గ మ రి స అని ఇంకో మలుపు. తిన్నగా దిగారా, దర్బారీ చెయ్యి జారిపోయినట్టే.

తాన్‌సేన్‌తో ముడిపెట్టి చెప్పుకునే ఈ రాగం పేరులోని కానడ అన్న మాట కర్ణాట శబ్దం నుంచి వచ్చింది. అడాణా, నాయకీ, శహానా వంటి కానడ కుటుంబ రాగాలన్నిటికీ ఇంటిపేరు లాంటిది ఆ గ మ రి స పలుకే. అది అవరోహణలో పలికేది. పిల్లల పోలికలు తల్లి వైపా, తండ్రి వైపా అని మనం చూసినట్టు, కానడలను దిగే వైపు నుంచి చూస్తారు.

ఆ గాంధారం కూడా కుదురుగా నిలిచే స్వరం కాదు. నెమ్మదిగా ఊగుతూ, మీండ్‌తో, అంటే తెగని జారుడుతో, కిందికి ఒదుగుతుంది. హార్మోనియం మెట్ల మీద అది రాదు. ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య గాలి ఆగిపోతుంది. 1940 నుంచి 1971 వరకు ఆకాశవాణి హార్మోనియాన్ని దూరంగా ఉంచడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. నిషేధం కాస్త మోటు పద్ధతే అని నా అభిప్రాయం. కాని, హార్మోనియం మెట్లు చూసి దర్బారీ అవరోహణ నేర్చుకునే పిల్లవాడికి స్వరాల పేర్లు దొరుకుతాయి, వాటి మధ్య దారి దొరకదు. పుస్తకంలోని ఎనిమిది అక్షరాల వరుస కూడా అటువంటిదే. పరీక్షలో దానికి పూర్తి మార్కులు వస్తాయి.

వీలైతే ఉస్తాద్ అమీర్ ఖాన్ (1912–1974) పాడిన దర్బారీ వినండి. విలంబిత లయలో ఆయన మంద్రస్థాయి వైపు దిగుతున్నప్పుడు కళ్ళు మూసుకుని, గొంతు ఏ స్వరం దగ్గర వెనక్కి తిరిగిందో కాగితం మీద చుక్కలు పెట్టండి. మొదటిసారి తప్పులు పోతాయి, నాకూ పోయాయి. తరువాత జౌన్‌పురీ విని అలాగే చుక్కలు పెట్టి, రెండు కాగితాలూ పక్కపక్కన ఉంచి చూడండి.

ఇక ఆ రోజు సోనోమీటరు దగ్గర ఏం చేశామంటారా? 36ను 15లో 8 వంతులు చేస్తే 19.2 అంగుళాలు, అది శుద్ధ నిషాదం. 9లో 5 వంతులు చేస్తే సరిగ్గా 20 అంగుళాలు, అది కోమల నిషాదం. ఆ అమ్మాయి చేత 19.2 దగ్గర పైకి చూసే బాణం గుర్తు, 20 దగ్గర కిందికి చూసే బాణం గుర్తు వేయించాను. నవ్విన పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తీగ మీటి, రెండింటి మధ్య ఉన్న ఆ 0.8 అంగుళం తేడాను విన్నారు. పట్టికలో నిషాదం గడిని నిలువుగా రెండు చేసి, పైన 'ఎక్కేటప్పుడు', కింద 'దిగేటప్పుడు' అని రాశాం.